చింత వేరు, అవిశ్వాసం వేరు: మా యూత్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అడిగిన ప్రశ్నలు

కడపలో మా చర్చి మందిరంలో ఆదివారం ఆరాధన అయ్యాక యూత్ మీటింగ్ ఉంటుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు. మైకు ఇచ్చి ప్రార్థన మనవులు చెప్పమంటే అందరిదీ ఒకటే మాట: "పరీక్షల కోసం ప్రార్థన చేయండి." రెండేళ్ల కిందట మైకు పక్కన పెట్టేసి, పాత బిస్కెట్ల డబ్బా మూతకి చీలిక కోసి, పేరు రాయకుండా చీటీ వేయమన్నాను. మొదటి వారం పదకొండు చీటీలు వచ్చాయి. పరీక్షల మాట మూడింటిలోనే ఉంది.

అప్పటి నుంచి మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలు ఇవి. నేను డాక్టర్ని కాదు, లెక్కల టీచర్ని. సండే స్కూల్లో కూడా చెప్తాను. వైద్యం సంగతులు డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి, మిగతావి పిల్లలు నేర్పినవి.

"దేనినిగూర్చియు చింతపడకుడి" అని వాక్యంలోనే ఉంది. నాకు ఎప్పుడూ గుబులుగానే ఉంటుంది. నేను పాపం చేస్తున్నట్టా?

కాదు. డబ్బాలో అన్నిటికంటే ఎక్కువసార్లు పడిన చీటీ ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 6వ వచనం అది. రాసింది పౌలు, అదీ సంకెళ్లలో ఉండి. అదే పత్రిక 2వ అధ్యాయం చూడు. ఫిలిప్పీ సంఘం పౌలుకి సాయంగా పంపిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్లొచ్చాడు. అతన్ని మీ దగ్గరికి పంపిస్తే నాకున్న దుఃఖం తగ్గుతుందని ఆ పౌలే రాసుకున్నాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11:28లో అయితే, సంఘాలన్నిటి గురించిన చింత రోజూ తన మీద భారంగా ఉందని ఒప్పుకున్నాడు. చింతపడొద్దని చెప్పిన మనిషికే రోజూ చింత ఉంది. దాన్ని దాచుకోలేదు, ఉత్తరంలో రాసి పంపాడు.

సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసయ్య కూడా తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగిందని శిష్యులకు చెప్పాడు, మెలకువగా ఉండి తోడుండమని అడిగాడు. వాళ్లు నిద్రపోయారు, అది వేరే సంగతి.

ఏడు రోడ్ల దగ్గర సాయంత్రం ఆరింటికి రోడ్డు దాటేటప్పుడు నాయన చెయ్యి పట్టుకుని "భయపడాకు" అంటాడు. భయపడితే కొడతానని దాని అర్థం కాదు కదా. నేనున్నాను అని అర్థం. ఆ వచనాన్నీ అలాగే చదువు. చాలామంది దాన్ని సగంలో ఆపేసి పిల్లల నెత్తిన కొడతారు. మిగతా సగంలో విన్నపాలు దేవునికి తెలియజేయమని ఉంది. మనసులో ఏమీ లేనివాడు తెలియజేయడానికి ఏముంటుంది?

ప్రార్థన చేసుకుని పరీక్షకి వెళ్తాను. అయినా పేపర్ ఇచ్చేసరికి గుండె దడ, చేతులు చల్లబడటం, కడుపులో తిప్పడం. దేవుడు వినలేదా?

విన్నాడు. నీ ఒళ్లు కూడా తన పని తాను చేస్తోంది. సందులో కుక్క తరిమితే ఏమవుతుంది? ఎడ్రినలిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. పరిగెత్తడానికి కాళ్లకి రక్తం కావాలి కాబట్టి గుండె గబగబా కొట్టుకుంటుంది. ఆ సమయంలో అరుగుదల అవసరం లేదు కాబట్టి కడుపు తిప్పుతుంది. చేతులు చల్లబడి చెమట పడతాయి. నీ ఒంటికి కుక్కకీ ప్రశ్నపత్రానికీ తేడా తెలియదు. ఒళ్లు అలా చేయడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

ఈ దడ మరీ ఎక్కువై ఊపిరాడనట్టు, ప్రాణం పోతున్నట్టు అనిపిస్తే దాన్ని ప్యానిక్ అటాక్ అంటారు. మామూలుగా పది నిమిషాల్లోపు అది కొసకి చేరి, తర్వాత దిగుతుంది. ఆ పది నిమిషాలు "ప్రార్థన పనిచేస్తోందా, దడ తగ్గిందా" అని గుండెనే గమనిస్తూ కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం, లేదా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, టెన్షన్‌లే అని వదిలేయకుండా డాక్టరుకి చూపించాలి.

మేము యూత్‌లో ఒకటి సాధన చేస్తాం. ముక్కుతో ఊపిరి పీలుస్తూ మనసులో "యెహోవా నా కాపరి", నోటితో నెమ్మదిగా వదులుతూ "నాకు లేమి కలుగదు". పీల్చడం నాలుగు అంకెలైతే వదలడం ఆరు. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం తగ్గుతుంది. పోయిన మార్చిలో ఒక శనివారం, కరెంటు పోయి ఫ్యాన్ ఆగిన గదిలో, పాత పేపరు ముందు పెట్టుకుని ఇరవై మంది ఇది చేస్తున్నారు. వెనక బెంచీలోంచి తొమ్మిదో తరగతి అబ్బాయి: "అక్కా, 'నాకు లేమి' దాకానే ఊపిరి వస్తోంది, 'కలుగదు' దాకా రావట్లేదు." అక్కడ ఆపేస్తే అర్థం తిరగబడుతుంది కదా! గదంతా నవ్వు. ఆ రోజు అందరికంటే ముందు దడ తగ్గింది వాడికే. వాడికి ఉత్త "నా కాపరి" చాలన్నాను. పరీక్ష రోజే మొదటిసారి చేస్తే ఇది పనిచేయదు. నెల ముందు నుంచి రోజుకి ఐదు నిమిషాలు చేయాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టేనా?

దీనికి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే ఒక అమ్మాయి, నిద్ర పట్టట్లేదక్కా, అన్నం గొంతు దిగట్లేదు, ఎప్పుడూ ఏదో కీడు జరుగుతుందనిపిస్తోంది అంది. నేను పక్కన కూర్చుని ప్రార్థన చేసి, మీ చింతంతా ఆయన మీద వేయమని చెప్పే 1 పేతురు 5:7 చీటీ మీద రాసిచ్చి, రోజూ చదువుకోమన్నాను. నాలుగు నెలలు అలాగే గడిచాయి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చివరికి వాళ్ల జేజి ఆసుపత్రికి తీసుకెళ్లింది. రక్తం బాగా తక్కువగా ఉంది. దాంతోపాటు ఆందోళన జబ్బు కూడా ఉందని చెప్పి రెండింటికీ వైద్యం మొదలుపెట్టారు. రక్తహీనత, థైరాయిడ్ తేడా లాంటివి కూడా గుండె దడ, నీరసం తెస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. నేను రాసిచ్చిన చీటీ ఆ అమ్మాయి జామెట్రీ బాక్సులో ఇప్పటికీ ఉంది. వాక్యంలో తప్పు లేదు. నాలుగు నెలలు దాన్ని మందుల చీటీలా వాడించిన నాదే తప్పు.

మన సీమలో విశ్వాసులు ఆసుపత్రికి భయపడిన చరిత్ర లేదు. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రిని 19వ శతాబ్దం చివర్లో పెట్టింది లండన్ మిషన్ వాళ్లే. సువార్త చెప్పడానికి వచ్చినవాళ్లు మందులూ కత్తెరలూ కూడా తెచ్చుకున్నారు. 1969లో ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన సేవా సంస్థ ఆర్డీటీకి (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రే ఉంది. సువార్త రాసిన లూకా వైద్యుడని కొలస్సయులకు రాసిన పత్రిక 4:14లో ఉంది. కాలు విరిగితే కట్టు కట్టించుకుని మందిరానికి వస్తాం, సాక్ష్యం కూడా చెప్తాం. మనసు విరిగితే మాత్రం కట్టు వద్దంటాం. ఈ లెక్క నాకెప్పుడూ తేలలేదు.

కడప, కర్నూలు, అనంతపురం మూడు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ చీటీ తీసుకుని వెళ్లొచ్చు. ముందే అక్కడికి వెళ్లాలంటే ఇబ్బందిగా ఉంటే, మీరు ఎప్పుడూ చూపించుకునే డాక్టరుతో మొదలుపెట్టండి.

ఎప్పుడు వెళ్లాలి? అందరికీ టెన్షన్ ఉంటుంది కదా.

ఉంటుంది. పరీక్ష అయిపోయాక తగ్గిపోతే అది టెన్షన్. పరీక్షలు అయిపోయినా, సెలవులొచ్చినా పోకుండా వారాల తరబడి నిద్ర, తిండి, చదువు, స్నేహాలు చెడగొడుతుంటే చూపించాలి. చేతులు కోసుకోవడం లాంటివి చేస్తుంటే వారాలు లెక్కపెట్టొద్దు.

మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? అలవాటు పడిపోతానా?

అందరికీ మందులు ఇవ్వరు. చాలామంది పిల్లలకి మొదట కౌన్సెలింగే. మందులు అవసరమైతే, ఆందోళనకి సాధారణంగా ఇచ్చేవి మత్తు మందుల్లాంటివి కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వారం వాడి "ఏం తేడా లేదు" అని ఆపేయడం, తగ్గిందని హఠాత్తుగా మానేయడం, రెండూ పొరపాటే. కొన్ని నిద్రమాత్రలకు మాత్రం అలవాటు పడే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు, పక్కింటి అత్త వాడేవి అసలే వద్దు.

మా ఇంట్లో ఇది దురాత్మ పని అంటున్నారు.

మత్తయి 4:24 తీసి చదవమను. అక్కడ యేసు దగ్గరికి తెచ్చినవాళ్లలో దయ్యం పట్టినవాళ్లను వేరుగా, రోగాలతో వేదనలతో ఉన్నవాళ్లను వేరుగా చెప్పారు. ఆ రోజుల్లోనే ఆ తేడా ఉంది. ప్రార్థన చేయించుకోవడానికి అభ్యంతరమేమీ లేదు, నేనూ చేస్తాను. కొట్టడం, కట్టేయడం, అన్నం పెట్టకపోవడం, మిరపకాయల పొగ వేయడం మాత్రం ప్రార్థన కాదు. ఎవరైనా అలా చేస్తుంటే 1098కి ఫోన్ చెయ్యి. అది పిల్లల హెల్ప్‌లైన్.

హాస్టల్లో ఉన్నాను. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి దాకా క్లాసులు. ఆదివారం చర్చికి పంపరు. దేవుడికి దూరమైపోతున్నానని భయం.

ఈ చీటీ సెలవులకి వచ్చిన పిల్ల వేసింది. అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి.

బైబిల్లో బబులోనుకి చెరపట్టి తీసుకుపోయిన దానియేలు, అతని స్నేహితులు కూడా ఇంటికి దూరంగా, వేరే ఊళ్లో, వేరే తిండి మధ్య, ఎవరో పెట్టిన సిలబస్ చదివిన కుర్రాళ్లే. మూడేళ్ల కోర్సు, చివర్లో రాజుగారి ముందు పరీక్ష. మందిరం లేదు. ముగ్గురు స్నేహితులు ఉన్నారు.

117వ కీర్తన రెండే వచనాలు. బైబిల్లో అంతకంటే చిన్న అధ్యాయం లేదు. బాత్‌రూం క్యూలో నిలబడి చదివేయొచ్చు. వీబీఎస్‌లో, అంటే సెలవుల్లో పెట్టే బైబిల్ తరగతుల్లో, చాక్లెట్ కోసం కంఠతా పట్టిన వాక్యాలన్నీ ఇప్పుడు పనికొస్తాయి. దేవుడు అటెండెన్స్ రిజిస్టర్ పట్టుకుని కూర్చోలేదు.

అంతకంటే ముఖ్యమైనది వారానికోసారి ఇంటికి చేసే ఫోన్. ఆ ఐదు నిమిషాల్లో "బాగున్నా, తిన్నా, ఫీజు ఎప్పుడు కడతారు" అని పెట్టేస్తావు. ఒక్కసారి "అమ్మా, బాగాలేను" అని చెప్పి చూడు. అమ్మ ఏడుస్తుందని భయపడకు, ఏడిస్తే ఏడవనీ. పక్క మంచం పిల్ల నమాజు చేసుకునేదైనా, వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకునేదైనా, రాత్రి నీ చెయ్యి పట్టుకుని కూర్చుంటే కూర్చోనివ్వు.

నాకు మార్కులు తక్కువ వస్తే దేవుని నామానికి అవమానం అంటున్నారు.

పదో తరగతిలో మార్కులు 600. అందులో దేవుని నామానికి ఎన్ని కేటాయించారో నాకు తెలియదు.

ఎటకారం పక్కన పెడితే, తప్పు మా పెద్దలదే. ఏటా రిజల్ట్స్ వచ్చిన ఆదివారం సీటు వచ్చినవాళ్లను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పిస్తాం. తప్పినవాళ్లు ఆ ఆదివారం మందిరానికే రారు. పోయినేడు నేను అడిగితే మా పాస్టర్ అయ్యగారు ఒప్పుకుని, సప్లిమెంటరీ రాసే ముగ్గురు పిల్లలను కూడా పిలిచి ప్రార్థన చేశారు. వాళ్లలో ఒకడు తల ఎత్తలేదు గానీ వచ్చాడు. వాడు రావడమే నాకు సాక్ష్యం.

"ర్యాంకు ఇస్తే సాక్ష్యం చెప్తా ప్రభువా" అని బేరం పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బేరం కుదరకపోతే రెట్టింపు దెబ్బ: ర్యాంకూ పోయింది, దేవుడూ పోయాడనుకుంటారు.

నేను పాస్టర్ గారి అమ్మాయిని. నాకూ డిప్రెషన్ ఉందేమో. ఎవరికి చెప్పాలి?

మీ నాన్నగారి సంఘంలో లేని ఒక పెద్దామెకి. పిన్నమ్మో, స్కూల్లో టీచరో. తర్వాత వాళ్లతోనే వచ్చి అమ్మకి చెప్పు. మందిరంలో నవ్వుతూ కీబోర్డు వాయించే పిల్లలకి బాధ ఉండదని మేమంతా అనుకుంటాం. ఒక ఆదివారం వాయించలేనని చెప్పు. కీబోర్డు లేకపోయినా కీర్తనలు పాడుకుంటాం, మన ముత్తాతలు పాడలేదా.

స్కూల్లో ఒకలాగ, చర్చిలో ఒకలాగ ఉండాలి. ఎవరైనా అడుగుతారేమోనని ఎప్పుడూ భయం.

ఈ చీటీ అర్థం బయటివాళ్లకి తెలియకపోవచ్చు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి కింద వస్తారు. అందుకే కొన్ని ఇళ్లలో రికార్డుల్లో ఒక పేరు, మందిరంలో ఒక పేరు. ఫారం నింపిన ప్రతిసారీ పిల్లవాడి గుండె జారుతుంది. స్నేహితుడు "నువ్వు క్రిస్టియనా?" అని మామూలుగా అడిగినా చెమటలు పడతాయి.

పెద్దవాళ్లు, చట్టాలు కలిసి వేసిన ముడి ఇది. పదిహేనేళ్ల పిల్లవాడు ఒక్కడే విప్పాల్సింది కాదు. నాయనతో కూర్చుని, మన ఇంట్లో ఇది ఎలా జరిగిందో చెప్పమని అడుగు. చాలా ఇళ్లలో ఎవరూ ఒక్కసారి కూడా చెప్పలేదు. తెలియనిది తెలిసినదానికంటే ఎక్కువ భయపెడుతుంది. దానియేలుకి కూడా బబులోను రికార్డుల్లో బెల్తెషాజరు అనే పేరుండేది. దేవుడు అతన్ని గుర్తుపట్టడానికి ఇబ్బంది పడలేదు.

ఉపవాసం ఉంటే ఆందోళన తగ్గుతుందా?

ఎదిగే పిల్లలకి, అందులోనూ రక్తం తక్కువగా ఉండే ఆడపిల్లలకి, ఏప్రిల్ ఎండల్లో తిండి మానేస్తే దడ ఇంకా ఎక్కువవుతుంది. ఉపవాసం ఉండాలనిపిస్తే ఫోన్‌కి ఉండు. నవ్వుతారు గానీ, రాత్రి పది తర్వాత ఫోన్ అమ్మ గదిలో పెట్టిన పిల్లలే "నిద్ర పడుతోందక్కా" అని చెప్పారు. మీ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి.

మీకు చెప్పింది అందరికీ తెలుస్తుందా?

తెలియకూడదు. మాలో ఒకరు ఒక పిల్లవాడి సంగతి "ప్రార్థన చేయండి" అంటూ ఇళ్లలో జరిగే కాటేజ్ ప్రార్థనలో చెప్పేశారు. సోమవారానికి వీధంతా పాకింది. ఆ అబ్బాయి మళ్లీ యూత్‌కి రాలేదు. ప్రార్థన మనవి పేరుతో చెప్పినా చాడీ చాడీయే. ఇప్పుడు మా నియమం ఒకటే: నీ అనుమతి లేకుండా నీ పేరు ఎక్కడా రాదు. ఒకే ఒక్క మినహాయింపు, నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే, లేదా నిన్ను ఎవరైనా బాధపెడుతుంటే, నేను ఒక్కదాన్నే మోయను. ముందు నీకే చెప్పి, నీతోపాటు వస్తాను.

చచ్చిపోవాలనిపిస్తోంది. ఇలా అనుకుంటే నరకానికి పోతానా?

ఈ చీటీ చూసిన రోజు నేను మీటింగ్ ఆపేశాను. రాసింది ఎవరైనా సరే, ఆరాధన అయ్యాక నీళ్ల కుండ దగ్గర నిలబడి ఉంటానని చెప్పాను. గంటన్నర నిలబడ్డాను. చీటీ రాసిన అమ్మాయి వచ్చింది.

1 రాజులు 19వ అధ్యాయం. ఏలీయా గొప్ప ప్రవక్త, అంతకుముందే ఆకాశం నుంచి అగ్ని దింపినవాడు. ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, ఒక బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు నరకం మాట ఎత్తలేదు. విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే, తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు దూత. "ఇక్కడ నీవేమి చేయుచున్నావు?" అనే ప్రశ్న ఆ తర్వాత, ఎంతో దూరం నడిచాక, హోరేబు కొండ దగ్గర వచ్చింది. ముందు తిండి, నిద్ర, ఒకరి స్పర్శ. మాటలు తర్వాత. ఆ అమ్మాయికి నేనూ ముందు కారం దోసె తినిపించాను. తర్వాతే మాట్లాడుకున్నాం, ఆ సాయంత్రమే ఇద్దరం వాళ్ల అమ్మ దగ్గరికి వెళ్లాం.

నీకు ఇప్పుడు అలా ఉంటే ఒంటరిగా ఉండొద్దు. ఇంట్లో ఎవరున్నారో వాళ్ల గదిలోకి వెళ్లి "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది" అని ఆ మాటే చెప్పు. చుట్టూ తిప్పి చెప్తే పెద్దవాళ్లకి అర్థం కాదు. 14416 టెలిమానస్ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ప్రాణం మీదికి వస్తే 112, లేదా 108కి ఫోన్ చేయాలి.

అమ్మానాన్నలకి: పిల్లలు ఆ మాట అంటే "బెదిరిస్తున్నారు" అనుకోవద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పొలం మందులు, ఇంట్లో మాత్రలు ఈరోజే తాళం వేసి, తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. రిజల్ట్స్ వచ్చిన రెండు మూడు రోజులు పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి వెళ్లడానికి వెనకాడొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, శిక్షించకూడదనే చెప్తోంది.

మా అబ్బాయి గది తలుపు వేసుకుంటాడు, అడిగితే విసుక్కుంటాడు. ఎలా మాట్లాడించాలి?

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎవరూ చెప్పరు. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని అప్సర సర్కిల్ దాకా వెళ్లి రండి. మొహాలు కనపడవు కాబట్టి మాటలు వస్తాయి. చెప్పినప్పుడు వెంటనే వాక్యం చెప్పొద్దు. "మా కాలంలో" అని అసలే వద్దు. కుటుంబ ప్రార్థనలో వాడు వింటుండగా "ప్రభువా, వీడి మనసు మార్చు" అని ప్రార్థించడం, ప్రార్థన పేరుతో తిట్టడమే.

నాకు దేవుడి మీద కోపంగా ఉంది. ఏమని ప్రార్థించాలి?

అదే చెప్పు. 13వ కీర్తన మొదలే "ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావు" అని నిలదీయడం. 88వ కీర్తన అయితే చివరిదాకా చీకటే, చివరి మాట కూడా చీకటే. ఆమేన్, హల్లెలూయా ఏమీ లేవు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

చీటీ మీద పేరు రాయాలా?

అక్కర్లేదు. డబ్బా మందిరం వెనక నీళ్ల కుండ పక్కన కిటికీ గట్టు మీద ఉంటుంది. తాళంచెవి నా దగ్గరే. పెన్ను దారంతో కట్టాం, ఎవరూ తీసుకుపోవద్దు. పోయిన నెలలో రెండు పోయాయి.